కోనసీమలో వెబ్‌సైటు యజమానులు, పాస్‌వర్డుల భద్రత

వెబ్‌సైటు నడిపేవారి దగ్గర రెండు రకాల తాళంచెవులు ఉంటాయి. ఒకటి తమ సైటులోకి తాము వెళ్ళడానికి వాడేది. రెండోది ఇతరులు నమ్మి అప్పగించిన గుత్తి. అంటే ఆ సైటులో ఖాతా తెరిచినవారి పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు. ఈ రెండింటినీ యజమానులు ఎలా కాపాడుతున్నారు, పోయినప్పుడు ఏమంటున్నారు అన్నదే ఈ వ్యాస విషయం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని చిన్న యజమానుల స్థితి, తెలుగు రాష్ట్రాల్లో బయటపడిన పెద్ద ఘటనలు, దేశ చట్టం ఇందులో వస్తాయి.

నేపథ్యం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమ 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయింది. అంతకు ఐదేళ్ళ ముందే ఇంటర్నెట్ వార్తల్లో ఇక్కడి ఒక ఊరి పేరు వినిపించింది. రాజోలు నియోజకవర్గం, సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పుకు పేరుపడ్డ గ్రామం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖ సహకారంతో దాన్ని స్మార్ట్ గ్రామంగా ఎంచుకున్నారు. 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడ ఫైబర్ గ్రిడ్ సేవలు ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. దాదాపు ఏడాదికి, 2017 డిసెంబరు 27న, రాష్ట్రమంతటికీ ఈ పథకాన్ని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

తీగ వెంట అంగళ్ళు వచ్చాయి. ఆత్రేయపురం పూతరేకులు, మోరి జీడిపప్పు, బండారులంక చేనేత చీరలు ఇప్పుడు కొరియర్లో దేశమంతా తిరుగుతున్నాయి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది. ఆ పేరుతో ఎవరో ఒక వెబ్ చిరునామా కొని దుకాణం తెరిస్తే ఆపడం వేరే తగాదా. సరుకు నకిలీని నాలుక పసిగడుతుంది, సైటు నకిలీని పసిగట్టడానికి కొన్నవాడికి అలాంటి ఆసరా ఏదీ లేదు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంది

పెద్ద సంస్థల భద్రత గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. మిఠాయి దుకాణం, జీడిపప్పు ఫ్యాక్టరీ, ప్రైవేటు బడి, దిండి వైపు నాలుగు గదుల రిసార్టు, ఊరి ట్రస్టు వంటి చిన్న సైట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. సంఖ్యలో ఎక్కువ ఇవే.

ఇలాంటి సైటును యజమాని స్వయంగా కట్టడు. హైదరాబాదులోనో రాజమండ్రిలోనో పనిచేసే తెలిసిన కుర్రాడు కడతాడు. వెబ్ చిరునామాను తన మెయిలుతో, తన కార్డుతో కొంటాడు. పునరుద్ధరణ ఓటీపీ అతని ఫోనుకే వెళుతుంది. రెండేళ్ళకు అతను బెంగళూరుకో డాలస్‌కో వెళ్ళిపోతాడు. దసరా ముందు ధరలు మార్చాల్సి వచ్చినప్పుడు దుకాణంలోంచి ఫోను వెళుతుంది: "నాన్నా, ఆ సైటు తాళం ఏదో చెప్పరా." అటునుంచి జవాబు: "వాట్సాప్‌లో పెట్టాను చూసుకోండి మావయ్యా." అలా పెట్టిన మెసేజీ ఆ ఫోనులోనే ఉండిపోతుంది. ఫోను పాతబడి సెకండ్ హ్యాండు దుకాణానికి వెళ్ళినా, చెరపకపోతే దాంతోపాటే వెళుతుంది.

యజమాని తన సైటుకు చట్టం దృష్టిలో యజమానే. సాంకేతికంగా మాత్రం అద్దెకున్నవాడితో సమానం. కట్టినవాడితో మాట పట్టింపు వచ్చినా, అతను చిరునామా పునరుద్ధరించడం మరిచినా సైటు చేజారుతుంది. గడువు దాటి వదిలేసిన చిరునామాను ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా కొన్నవాళ్ళు పాత బడి పేరు మీద జూదం ప్రకటనలు పెట్టడం ప్రపంచమంతటా మామూలే. దీన్ని హ్యాకింగ్ అనడానికి లేదు, తాళంచెవి ఎవరి పేరున ఉందో అడగకపోవడమే కారణం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఇక్కడ చాలాసార్లు ఇంట్లో దొంగ కూడా ఉండడు, ఇంటి పట్టా పొరుగువాడి పెట్టెలో ఉంటుంది, అంతే.

పాస్‌వర్డుల తీరు కూడా చెప్పుకోవాలి. దుకాణం పేరు పక్కన 123, కాకపోతే యజమాని ఫోన్ నంబరు, కాకపోతే ఇష్టదైవం పేరు, పిల్లవాడు పుట్టిన సంవత్సరం. దాన్ని గల్లాపెట్టె వెనక క్యాలెండరు మీద రాసి ఉంచుతారు. చదువుకున్నవారు ఈ క్యాలెండరును చూసి నవ్వుతారు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో అది అంత పెద్ద తప్పు కాదు. మరో దేశంలో కూర్చున్న దొంగకు అమలాపురం గోడ మీది క్యాలెండరు కనబడదు. అదే పాస్‌వర్డును మెయిలుకూ, బ్యాంకుకూ, సైటుకూ వాడటం దానికన్నా చాలా పెద్ద తప్పు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

చిన్న సైట్లలో ఎక్కువ భాగం, సైట్లు కట్టే సాఫ్ట్‌వేరు అయిన వర్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగుకు పైగా దాని మీదే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌ను సకాలంలో అప్‌డేట్ చేస్తూ ఉంటే గట్టిదే. గండి పడేది దానికి తగిలించిన ప్లగిన్లు అనే అదనపు ముక్కల్లో. డబ్బు పెట్టి కొనాల్సిన థీమును ఎవరో ఉచితంగా ఇస్తే తెచ్చి వేసుకుంటారు. ఆ ఉచితం లోపల తరచు దొడ్డిదారి ఉంటుంది. ఇంతకు పూర్వం సైటులోకి ఫైళ్ళు ఎక్కించడానికి ఎఫ్‌టీపీ వాడేవారు. అందులో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా తీగ మీద ప్రయాణిస్తుంది. 2009లో గంబ్లర్ అనే మాల్‌వేర్ సైటు యజమానుల సొంత కంప్యూటర్లలోకి దూరి, ఆ ఎఫ్‌టీపీ పాస్‌వర్డులు దొంగిలించి, వాటితో వేల సైట్లలోకి వెళ్ళింది. అక్కడ సైటు తప్పేమీ లేదు, యజమాని కంప్యూటరు నుంచే తాళంచెవి పోయింది.

"మా దగ్గరేముందండీ?"

భద్రత మాట ఎత్తితే కోనసీమలో వినిపించే మొదటి జవాబు ఇదే. "ఎత్తుకుపోవడానికి మా దగ్గరేముందండీ, ఆయ్! పూతరేకుల ఫోటోలు తప్ప." ఈ జవాబులో అమాయకత్వం ఉంది, కొంత లెక్క కూడా ఉంది. యజమాని తన నష్టాన్ని లెక్కవేసుకుని అది తక్కువని తేల్చుకుంటాడు. సైటు పోతే మళ్ళీ కట్టించుకోవచ్చు. ఈ లెక్కలో రానిది ఇతరుల నష్టం.

దీనికి చక్కని రుజువు జొమాటో ఉదంతం. 2017 మేలో ఆ సంస్థ దగ్గర కోటీ 70 లక్షల మంది వివరాలు పోయాయి. ఎలా పోయాయో తర్వాత సంస్థే దాచకుండా వివరించింది. మూలం జొమాటోలో లేదు. 000వెబ్‌హోస్ట్ అనే ఉచిత హోస్టింగ్ సంస్థ ఉండేది. ప్రపంచం నలుమూలలా చదువుకునే పిల్లలు తమ మొదటి సైటును ఉచితంగా పెట్టుకునే చోటు అది. ఆ సంస్థ ఖాతాదారుల పాస్‌వర్డులను ఏ మార్పూ చేయకుండా, ఉన్నవి ఉన్నట్టు దాచింది. 2015లో కోటీ 30 లక్షలకు పైగా పాస్‌వర్డులు బయటపడ్డాయి. జొమాటోలో పనిచేసే ఒక ప్రోగ్రామరు ఏనాడో అక్కడ ఖాతా తెరిచాడు. అదే మెయిలు, అదే పాస్‌వర్డు ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్‌లోనూ వాడాడు. దొంగ ఆ తాళంతో గిట్‌హబ్ తెరిచి, అక్కడి కోడు చదివి, అందులో లోపం పట్టుకుని అసలు డేటా దగ్గరికి చేరాడు.

ఉచిత హోస్టింగ్ యజమాని "మా దగ్గరేముంది, పిల్లల ఆటసైట్లు" అనుకుని ఉంటే అతని లెక్కలో తప్పు లేదు. అతని దగ్గర పోయిన తాళం మరొకరి కొట్టు తెరిచింది, అంతే.

కాపలా ఎలా ఉండాలో గోదావరి గట్టు చెబుతుంది. 1986 ఆగస్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చిన సంగతి కోనసీమ పెద్దలకు ఇంకా గుర్తే. ఏటిగట్టుకు చిన్న బుంగ పడిందని తెలిస్తే నడిరాత్రి అయినా ఊరు లేస్తుంది, ఇసుక బస్తాలు వస్తాయి. ఎవరూ ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని ఉండదు, ఎందుకంటే కాపలా కాసేవాడి ఇల్లు కూడా గట్టు కిందే ఉంది. వెబ్‌సైటు విషయంలో ఈ అమరిక లేదు. కాపలా కాయాల్సినవాడు ఒకడు, మునిగేవాడు మరొకడు. కేంబ్రిడ్జి ఆచార్యుడు రాస్ ఆండర్సన్ 2001లో రాసిన ఒక పరిశోధన పత్రంలో ఇదే సంగతిని బ్యాంకుల ఉదాహరణతో చూపించాడు. ఏటీఎం మోసం జరిగితే అమెరికాలో రుజువు చేసుకోవాల్సిన భారం బ్యాంకు మీద ఉండేది, బ్రిటన్‌లో ఖాతాదారు మీద ఉండేది. బరువు మోయక్కర్లేని బ్రిటన్ బ్యాంకులే అజాగ్రత్తగా తయారై చివరికి ఎక్కువ మోసాల పాలయ్యాయి. యజమానుల స్వభావం గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఈ పరిశీలనకు మించి తేలేది లేదని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఇక "ఏమీ లేని" సైటుతో దొంగకు పనేమిటంటే, చాలా పని ఉంది. తాళాలు తడిమి చూసేది మనిషి కాదు, రాత్రింబవళ్ళు తిరిగే ప్రోగ్రాము. దానికి దుకాణం పెద్దదా చిన్నదా అన్న విచక్షణ ఉండదు. దొరికిన సైటులో ఏదో బ్యాంకు లాగిన్‌ను పోలిన నకిలీ పేజీ పెడతారు. అక్కడి నుంచి లక్షల చెత్త మెయిళ్ళు పంపుతారు. గూగుల్‌లో ఊరి బడి పేరు వెతికితే జపాను భాషలో చెప్పుల ప్రకటనలు కనబడేలా చేస్తారు. మంచి పేరున్న పాత చిరునామా అంటే దొంగకు అద్దె లేని కొట్టు.

పాస్‌వర్డును దాచే పద్ధతి

పాస్‌వర్డు దొంగతనం కంప్యూటరు పాస్‌వర్డంత పాతది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటరును పలువురు పంచుకునే పద్ధతి తయారుచేసి, ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డు ఇచ్చింది. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన కంప్యూటరు గంటలు చాలక, పాస్‌వర్డులున్న ఫైలు మొత్తాన్ని అచ్చు వేయించుకున్నాడు. ఆ ఫైలులో అవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

సైటు యజమాని పాస్‌వర్డును అలా దాచకూడదు. ఎలా దాచాలో ఆత్రేయపురం వారికి చెప్పడం తేలిక. బియ్యం రుబ్బి, ఆ పిండినీళ్ళలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద లాగితే పల్చటి రేకు వస్తుంది. రేకును చూసి మళ్ళీ బియ్యపు గింజ తయారు చేయడం ఎవరి తరమూ కాదు. పాస్‌వర్డును కూడా అలాగే వెనక్కి తిప్పలేని రేకుగా మార్చి, ఆ రేకునే దాచాలి. దీన్ని హ్యాష్ అంటారు. ఖాతాదారు మళ్ళీ వచ్చి పాస్‌వర్డు చెప్పినప్పుడు దాన్ని కూడా రేకుగా మార్చి, పాత రేకుతో పోల్చి చూస్తారు. అసలు పాస్‌వర్డు యజమానికి కూడా తెలియాల్సిన పని లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకే పాస్‌వర్డు పెట్టుకున్న ఇద్దరికీ ఒకే రేకు వస్తుంది. దొంగ ముందుగానే లక్షల పాస్‌వర్డులకు రేకులు తయారుచేసి పెట్టుకుంటే, పోల్చి చూసి పట్టేస్తాడు. అందుకని ఒక్కొక్కరి పాస్‌వర్డులో వేరువేరుగా చిటికెడు ఏదో కలిపి రేకు తీస్తారు. దాని పేరు నిజంగానే సాల్ట్, అంటే ఉప్పు. రేకు తీయడం దొంగకు ఆలస్యమయ్యేలా కావాలనే నెమ్మదిగా పనిచేసే పద్ధతులూ ఉన్నాయి. 1999 నాటి బీక్రిప్ట్, 2015లో అంతర్జాతీయ పోటీలో నెగ్గిన ఆర్గాన్2 వాటిలో ముఖ్యమైనవి. రెండూ ఉచితం. అంటే పాస్‌వర్డులు సరిగా దాచడానికి యజమాని అదనంగా పెట్టాల్సిన ఖర్చు దాదాపు ఏమీ లేదు.

అయినా పెద్దపెద్దవాళ్ళే దాచలేదు. 2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ దగ్గర 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టే పోయాయి. వాటిలో అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. 2012లో లింక్డ్‌ఇన్ హ్యాష్‌లు వాడింది గాని ఉప్పు కలపలేదు. మొదట 65 లక్షలే పోయాయనుకున్నారు, 2016లో చూస్తే 11 కోట్ల 70 లక్షలు.

మీ దగ్గర సైటు కట్టేవాడి పనితనం తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అతను కట్టిన ఏ సైటులోనైనా "పాస్‌వర్డు మరిచిపోయాను" అని నొక్కండి. కొత్తది పెట్టుకోమని లింకు వస్తే సరే. మీ పాత పాస్‌వర్డే మెయిలులో వచ్చిందంటే, వాళ్ళు రేకు తీయలేదు, బియ్యమే డబ్బాలో పోసి పెట్టారు.

ప్రభుత్వమూ యజమానే

తెలుగు నేల మీద అతి పెద్ద సైటు యజమాని ప్రభుత్వం. దాని దగ్గర చేరే వివరాలు ప్రజలు ఇష్టపడి ఇచ్చినవి కూడా కావు. పింఛనుకో ఇంటికో తప్పక ఇచ్చినవి.

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, కొడాలి శ్రీనివాస్ ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ సైట్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని అందులో చూపారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపుల సైటు. హ్యాకింగ్ ఊసే లేదు, గళ్ళు గళ్ళుగా పట్టికలు తెరిచే ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షా 30 వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం బయటికి కనిపిస్తున్నాయని శ్రీనివాసే మళ్ళీ చూపించారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో తెలంగాణ ఉపాధి హామీ, పింఛన్ల చెల్లింపుల సైటును అతి మామూలు ఎత్తుగడతో తెరవవచ్చని ఒక ఫ్రెంచ్ పరిశోధకుడు చూపించాడు.

2019 ఏప్రిల్ చివరిలో రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సైట్ల మీద, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. కోనసీమకు కరెంటు ఇచ్చే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కూడా వాటిలో ఉంది. విడిగా దాచిన నకళ్ళు ఉండబట్టి గండం గడిచింది.

2024 మేలో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి ఫిర్యాదుదారుల వివరాలు దొంగిలించి 150 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. ఆపదలో ఉన్న ఆడవాళ్ళు కూడా పోలీసులకు చెప్పుకున్న యాప్ అది. జూన్‌లో నిందితుణ్ణి పట్టుకున్నారు. ధర చూడండి: ఒక్కో మనిషి వివరం పైసల్లో పడుతుంది.

జిల్లాల అధికారిక సైట్లు ఇప్పుడు కొంత మెరుగు. జాతీయ సమాచార కేంద్రం నడిపే ఉమ్మడి వేదిక మీద అన్నిటినీ ఒకే మూసలో కడుతున్నారు. కోనసీమ జిల్లా సైటూ అందులోదే. ఎవరికి వారు తాళం వేసుకోవడం కన్నా ఒకే కాపలాదారు నయం, ఆ కాపలాదారు మెలకువగా ఉన్నంతకాలం.

ఒక బ్యాంకు పాఠం

2022 జనవరి 23, 24 తేదీల్లో హైదరాబాదులోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి దొంగలు చొరబడి 12 కోట్ల 48 లక్షల రూపాయలు తరలించారు. ఉద్యోగులకు పంపిన మాయమెయిళ్ళలో కొన్నిటిని తెరవడమే మొదలని పోలీసులు తేల్చారు. సర్వాధికారాలున్న ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయనీ, వాటిలో కొన్నిటికి ఒకే పాస్‌వర్డు ఉందనీ చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదని ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. తాళం సరిగా వేయనందుకు యజమాని స్వయంగా మూల్యం చెల్లించిన అరుదైన సందర్భం ఇది.

పోయాక ఏమంటారు

యజమాని నిజస్వభావం దొంగతనం బయటపడ్డ వారంలో తెలుస్తుంది.

2015 మేలో గానా సంగీత సైటు డేటాబేసును ఒక పాకిస్తానీ హ్యాకరు తెరిచి అందరికీ చూపించాడు. సంస్థ అధిపతి సత్యన్ గజ్వానీ ట్విట్టరులోనే అతనితో మాట్లాడి, లోపం నిజమేనని ఒప్పుకుని, ఖాతాదారుల పాస్‌వర్డులు మార్పించాడు. 2021 మార్చిలో డబ్బు చెల్లింపుల సంస్థ మొబిక్విక్ ఖాతాదారుల వివరాలంటూ పెద్ద ముద్ద ఒకటి ఆన్‌లైన్లో కనిపించినప్పుడు ఆ సంస్థ తమ దగ్గరినుంచి ఏమీ పోలేదని ఖండించింది. ఖాతాదారులే తమ వివరాలు పలుచోట్ల పెట్టి ఉంటారని వాదించింది. రిజర్వు బ్యాంకు బయటివారితో ఫోరెన్సిక్ తనిఖీ చేయించమంది. యాహూ సంగతి అయితే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగిన సామెతను మించిపోయింది. 2013లో జరిగిన దొంగతనాన్ని 2016 డిసెంబరులో 100 కోట్ల ఖాతాలుగా, 2017 అక్టోబరులో 300 కోట్లుగా చెప్పింది. దాని ఖాతాలన్నీ కలిపితే అంతే.

లోపం చూపినవాడి మీదే కన్నెర్ర చేయడం మన దగ్గర తరచు కనిపించే స్పందన. పైన చెప్పిన 2017 నివేదిక వచ్చాక ఆధార్ సంస్థ ఆ పరిశోధకుల సంస్థకే లేఖ రాసింది. హ్యాకింగ్ లేకుండా ఆ వివరాలు దొరికేవి కావనీ, చేసినవారి వివరాలు ఇవ్వాలనీ అడిగింది. ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు అనుమతి లేకుండా తాళం తడిమినవాడిని దొంగగానే చూస్తాయి. మంచి ఉద్దేశంతో తడిమినవాడికి చట్టంలో స్పష్టమైన రక్షణ లేదు. అందుకని చూసినవాడు చెప్పకుండా ఊరుకుంటాడు. దొంగకు ఆ మొహమాటం ఉండదు.

నకిలీ సైట్లు

పాస్‌వర్డు దొంగిలించడానికి అసలు సైటులోకి వెళ్ళక్కర్లేదు, దాన్ని పోలిన సైటు పెడితే చాలు. ఆంధ్రదేశంలో ఈ బాధ ఎక్కువగా పడింది తిరుమల తిరుపతి దేవస్థానం. 2023 ఏప్రిల్ నాటికి 41 నకిలీ సైట్ల మీద కేసులు పెట్టించింది. 2024 జనవరిలో తన అధికారిక చిరునామానే ప్రభుత్వ డొమైను కింద కొత్తగా పెట్టుకుంది. అంతర్వేది, అయినవిల్లి, వాడపల్లి వంటి కోనసీమ క్షేత్రాలకు గది, పూజ బుక్ చేసుకోవాలనుకునే భక్తుడు కూడా చిరునామా చివర gov.in అనే ప్రభుత్వ గుర్తు ఉందో లేదో చూడాలి. కొన్ని బ్రౌజర్లలో పక్కన కనిపించే తాళం బొమ్మను నమ్మితే చాలదు. ఉచిత సర్టిఫికెట్లు వచ్చాక నకిలీ సైట్లకూ ఆ తాళం దొరుకుతోంది. ఆ బొమ్మ జనాన్ని తప్పుదారి పట్టిస్తోందనే గూగుల్ 2023లో క్రోమ్ నుంచి దాన్ని తీసేసింది.

ఇంటర్నెట్ ఆగిన రోజులు

భద్రత అంటే రహస్యం ఒక్కటే కాదు, కావలసినప్పుడు అందడం కూడా అందులో భాగమే. ఈ సంగతి కోనసీమకు అనుభవంలోకి వచ్చింది. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక ఇంటర్నెట్ ఆపేశారు. కొన్ని మండలాల్లో దాదాపు రెండు వారాలు రాలేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సిగ్నలు వెతుక్కుంటూ పక్క ప్రాంతాలకు వెళ్ళారు. ఆ రోజుల్లో తన సైటుకు ఏమైనా జరిగితే ఇక్కడి యజమాని చూడను కూడా చూడలేడు. తాళంచెవి ఉన్న రెండో మనిషి వేరే ఊళ్ళో ఉండటం మంచిదన్న మాటకు ఇదే సాక్ష్యం.

చట్టం

2000 నాటి ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణలో 66సి సెక్షను వచ్చింది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అదే సవరణలో 43ఎ సెక్షను యజమాని వైపు తిరిగింది. సున్నితమైన వివరాల కాపలాలో అశ్రద్ధ చేసి నష్టం కలిగించిన సంస్థ పరిహారం ఇవ్వాలంది. ఏవి సున్నితమైనవో 2011 నిబంధనలు చెప్పాయి. ఆ జాబితాలో మొట్టమొదటి మాట పాస్‌వర్డు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా దానికి చెప్పాలి. రాకపోకల చిట్టా 180 రోజులు దాచాలి. చిన్న పరిశ్రమలకు కొన్ని నెలలు గడువు ఇచ్చారు, ఆ గడువూ అదే ఏడాది సెప్టెంబరుతో ముగిసింది. జీడిపప్పు అమ్మే సైటుకు కూడా ఇది వర్తిస్తుందని చెబితే ఎంతమంది యజమానులు నమ్ముతారో!

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని ఇంకా బిగించింది. తగిన కాపలా పెట్టకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. వివరాలు పోతే డేటా రక్షణ బోర్డుకే కాదు, నష్టపోయిన ప్రతి మనిషికీ చెప్పాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. యజమానుల ముఖ్య బాధ్యతలు ఆ తేదీ నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఒక లోటు ఉంది. కొత్త చట్టం అమల్లోకి వచ్చాక 43ఎ రద్దవుతుంది, దాంతోపాటే అది ఇచ్చిన పరిహారపు దారి కూడా పోతుంది. జరిమానా ఖజానాకు వెళుతుంది, మునిగినవాడి చేతికి ఏమీ రాదు.

ఆచరణ

చిన్న యజమానికి కావలసిన పనులు ఎక్కువ లేవు. వెబ్ చిరునామా తన పేరున, తన మెయిలుతో ఉండాలి. ఆ మెయిలుకు వేరెక్కడా వాడని పాస్‌వర్డు, దాంతోపాటు ఫోనులో రెండో తాళం పెట్టాలి. వారానికోసారి సైటు నకలు తీసి వేరేచోట ఉంచాలి. ఆర్డరుకు అవసరం లేని వివరాలు అడగకూడదు. దాచనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. నెలకోసారి పాస్‌వర్డు మార్చమనే పాత సలహా ఇప్పుడు చెల్లదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే దాన్ని వదిలేసి, పొడవైనదాన్ని పెట్టుకోండి, ఇంతకుముందు బయటపడినవాటిలో లేనిదాన్ని పెట్టుకోండి అంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

బయటపడినవాటిలో మీది ఉందో లేదో ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటులో మీ మెయిలు చిరునామా ఇచ్చి ఉచితంగా చూసుకోవచ్చు. ఇంజనీరింగు చదివే రోజుల్లో 000వెబ్‌హోస్ట్‌లో ఓ సైటు పెట్టినవారు ముందుగా చూసుకోవాలి. 2015లో పోయిన ఆ ఖాతాల జాబితా అందులో ఉంది.